సీసం పడవ

"నా కంఠంలో ప్రాణం ఉండగా దాన్ని ఎవడూ ముట్టుకోలేడక్కా" అన్నాడు తమ్ముడు, పళ్ళెంలో కూర కలుపుకుంటూ.

"ఆ కంఠంలో నాకూ వాటా ఉంది. నన్నడక్కుండా ఎవరికి పడితే వాళ్ళకి రాసిచ్చెయ్యకండి" అంది మరదలు.

తమ్ముడు నవ్వాడు. తనూ నవ్వాననే అనుకుంది అక్క. పెదవులు మాత్రం కదిలినట్టు అనిపించలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

సెలవురోజు మధ్యాహ్నం. తమ్ముడి ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. పొద్దుటి పేపరు ఇంకా కుర్చీలో తెరిచే ఉంది. పక్క నగరంలో ఒక మ్యూజియంలోకి ఎవరో పట్టపగలు చొరబడ్డారు. అడ్డం వచ్చిన కాపలామనిషిని ఇనప కడ్డీతో తల మీద కొట్టారు. అతను బతికాడు గాని మాట పడిపోయిందట. అక్క ఆ వార్తని పొద్దున్న ఒకసారి చదివి పేపరు మడిచేసింది. మళ్ళీ విప్పి చదివింది. ఎందుకు చదువుతోందో తెలిసే చదివింది.

ఈ ఊరి మ్యూజియంలో తమ్ముడు గార్డు. మేడ మీద చివరి హాల్లో, గాజు పెట్టెలో, బంగారు పడవ ఒకటి ఉంటుంది. జానెడు పడవ, అందులో తెడ్లు వేస్తున్న బుల్లి మనుషులు. ఏ కాలం నాటిదో, ఏ నది బురదలోంచో తీశారు. ఊరికి ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా దాన్ని చూపించి పంపుతారు. ఆ హాలు తమ్ముడిది. కాపలా అతని రక్తంలో ఉంది. చిన్నప్పుడు ఏటికి ఈతకి వెళ్ళే పిల్లలంతా జేబుల్లోవి తీసి ఇతని ఒళ్ళో పోసి నీళ్ళలోకి దూకేవారు. ఇతను గట్టు మీద కూర్చుని వాటిని చూస్తూ ఉండేవాడు. అందరికీ ఈత వచ్చింది, ఇతనికి రాలేదు. ఈతకి బదులు "తాళంకప్ప" అని పేరు వచ్చింది.

"ఈమధ్య ఇద్దరు వస్తున్నారక్కా" అన్నాడు తమ్ముడు. "పడవని చూడరు. పైకప్పు చూస్తారు, కిటికీ చూస్తారు, నన్ను చూస్తారు."

"నిన్నెందుకు చూడ్డం?"

"తాళం ఎలాంటిదో చూసుకోవద్దూ మరి?" అని గుండె మీద తట్టుకున్నాడు.

"డైరెక్టరు గారికి చెప్పావా?"

"చెప్పాను. 'నువ్వున్నావు కదయ్యా, నాకేం భయం' అన్నారు."

"అదీ సంగతి. ఆయనకి నిద్రపట్టాలంటే మావారి తల కావాలి" అంది మరదలు. "వదినా, మీ మాటైతే వింటారు, మీరు చెప్పండి. ఎవడైనా కడ్డీ పట్టుకుని వస్తే 'దయచెయ్యండి బాబూ' అని పక్కకి తప్పుకోమనండి. పోతే పోయింది. బంగారమే కదా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అక్క ఆ మాటకి తల వంచుకుంది. తననెవరూ అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెబుతుంది? అది బంగారం కాదు. లోపల ఇత్తడి, పైన పూత, అడుగున సీసం. చేసింది తనే.

*

అక్కది పోతపని. పందేల్లో గెలిచినవాళ్ళకిచ్చే కప్పులు, పతకాలు, నాటకాల వాళ్ళ కిరీటాలు చేస్తుంది. జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని ముద్దాడే కప్పుల్లో బంగారం ఆవగింజలో అరవయ్యో వంతు ఉండదని తెలిసిన మనిషి. అందులో ఆమెకి ఏనాడూ తప్పు కనపడలేదు. కప్పు తీసుకున్నవాడికీ తెలుసు, ఇచ్చినవాడికీ తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధం అబద్ధం కాదు, మర్యాద.

పోయినేడు డైరెక్టరు స్వయంగా షాపుకి వచ్చాడు. సన్నటి మనిషి, మాటకి ముందు గొంతు సవరించుకునే అలవాటు.

"గాజు పెట్టెలో ఉండేది, పోయినా ఫరవాలేనిదై ఉండాలమ్మా" అన్నాడు. "అసలుదాన్ని మరోచోట భద్రం చేస్తాం. ఎక్కడన్నది మీరు అడక్కండి."

"అలా చెయ్యడం మోసం కాదాండీ?"

"దొంగని మోసం చెయ్యడం మోసమా?"

"టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళు దొంగలు కారు కదా."

ఆయన కోప్పడలేదు. కాసేపు నిజంగానే ఆలోచించాడు. "వాళ్ళు చూడ్డానికి వస్తారు, చూసి వెళతారు. దొంగ ఒక్కడే తీసుకోవడానికి వస్తాడు. తేడా తగిలేది తీసుకున్న చేతికే" అన్నాడు.

అప్పటికి ఆ జవాబు సరిపోయిందనిపించింది. కొన్ని జవాబులు కొత్త చెప్పుల్లాంటివి, కొట్లో సరిగ్గా సరిపోతాయి, నడవడం మొదలుపెట్టాకే కరుస్తాయి.

మ్యూజియం వెనక ఒక గదిలో, తలుపులు బిడాయించి, ఆమె అసలు పడవకి మూస తీసుకుంది. మూసలో మైనం పోసి, ఆ మైనానికి మట్టి పట్టించి కాల్చి, కరిగిపోయిన మైనం వదిలిన ఖాళీలో ఇత్తడి పోసింది. అసలుది పల్చటి బంగారు రేకుల పని. ఇత్తడి చేతికి తేలిగ్గా తెలిసిపోతుందని, అడుగు రేకు కింద సీసం నింపింది. ఎత్తుకుపోయినవాడు వీధి చివరికి వెళ్ళేదాకా అయినా నమ్మాలి కదా. ఆ పని చేసినన్నాళ్ళూ ఆమెకి ఆకలి తెలియలేదు. ఏ పనివాడో వందల ఏళ్ళ కిందట తెడ్డు ఎక్కడ వంచాడో అక్కడే తన వేళ్ళూ వంచాయి. ఆ సంతోషం గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. అది చెప్పుకోదగ్గ సంతోషం కాదని లోపల ఎక్కడో తెలుసు.

పని అయ్యాక డైరెక్టరు మూసలన్నీ పట్టుకుపోయాడు. వెళ్ళే ముందు గొంతు సవరించుకున్నాడు.

"గార్డులకి తెలియకూడదమ్మా. దొంగ వచ్చి చూసేది వస్తువుని కాదు, కాపలావాడి భుజాలని. లోపల ఉన్నది ఉత్తదని తెలిస్తే భుజాలు జారతాయి. ఎంత నటించినా జారతాయి."

"అక్కడ నిలబడేది మా తమ్ముడండీ."

"తెలుసు. అందుకే విడిగా చెబుతున్నాను."

ఆమె మాటిచ్చింది. మాటివ్వడం అంత తేలికని అప్పుడు అనుకుంది. ఇప్పుడు, పేపర్లో వార్త చదివాక, ఇంకోటి తెలిసింది. ఎర తను చేసిన పడవ కాదు. ఎర తమ్ముడు. పడవ ఊరికే మెరుస్తుంది. దాన్ని నిజం చేస్తున్నది అతని భుజాలు.

భోజనం అయ్యాక తేలు కుట్టిన దొంగలా ఆమె తన ఇంటికి వచ్చింది. నొప్పి ఉంది, అరవడానికి లేదు.

*

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గదిలోకి వెళ్ళి కూర్చుంది.

"మా తమ్ముడికి చెప్పేస్తానండీ. లేదంటే అతన్ని వేరే హాలుకి మార్చండి."

"మారుస్తాను. ఈ సాయంత్రమే మారుస్తాను" అన్నాడాయన వెంటనే. "అక్కడ ఎవరిని నిలబెట్టమంటారు?"

ఆమె చూపు గోడ మీది డ్యూటీ పట్టీలో పేర్ల వెంట దిగింది.

"గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపే ఆయన ఉన్నాడు, నిలబెట్టనా? ముగ్గురు ఆడపిల్లల తండ్రి. మీరు ఎవరి పేరు చెబితే వాళ్ళని."

ఆయన వెటకారంగా అనలేదు. ఆయన కళ్ళ కింద చర్మం నల్లగా ఉంది. ఆయనకీ నిద్రల్లేవని అక్కకి అప్పుడు అర్థమైంది. ఒకరి పేరు ఆమె నోటి చివరిదాకా వచ్చింది కూడా. చెప్పలేదు. చెప్పనందుకు తన మీద తనకి గౌరవం కలగలేదు. అంతసేపు వెతికానే అని సిగ్గేసింది.

గదిలోంచి బయటికి వచ్చి మెట్లు దిగాల్సింది. పైకి ఎక్కింది.

హాల్లో పల్చగా జనం ఉన్నారు. తమ్ముడు గాజు పెట్టెకి కాస్త ఎడంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంట్లో వంగి కూర్చునే మనిషి ఇక్కడ జానెడు పొడుగయ్యాడు. ఎవరో ఆవిడ పడవ ముందు నిలబడి, "ఎంత ఓపికో చూడండి ఆ రోజుల్లో వాళ్ళకి. ఇప్పటివాళ్ళ వల్ల అవుతుందా!" అంటోంది భర్తతో. అక్కకి ఒళ్ళు ఝల్లుమంది. గర్వమో, భయమో, రెండిట్లో ఏదో విడదియ్యలేకపోయింది.

తమ్ముడి పక్కకి చేరింది. చుట్టూ చెవులున్నాయి. నకలు అనలేదు, నకిలీ అనలేదు. ఆ మాటలు దూరానికి కూడా వినపడతాయి. నోటికి ఇంటి మాటే వచ్చింది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి ఇతను తెచ్చుకునేది దొంగ జ్వరం, పిలిస్తే పలకకుండా పోయేది దొంగ నిద్ర. ఉత్తుత్తిదంతా ఆ ఇంట్లో దొంగదే.

"ఒరేయ్, అది దొంగ బంగారంరా" అంది, పెదవులు కదపకుండా. "డైరెక్టరుకీ తెలుసు. దానికోసం నువ్వు ప్రాణం మీదికి తెచ్చుకోకు. ఎవడైనా వస్తే వదిలెయ్. నా మీద ఒట్టు."

తమ్ముడి మొహంలో రంగు మారింది. అంతలో బడిపిల్లల గుంపు ఒకటి హాల్లోకి పడింది. "గాజుని ముట్టుకోకండి" అంటూ అతను అటు తిరిగాడు.

అక్క మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. గుండెల మీంచి బండ దించినట్టుంది. ఆ రోజు కొలిమి దగ్గర కూనిరాగం కూడా తీసింది. ఇచ్చిన మాట తప్పిన బాధ ఎక్కడుందా అని లోపల వెతుక్కుంటే దొరకలేదు. దొరకనందుకు కాస్త కంగారుపడింది, అంతే.

*

వారం తిరక్కుండానే మరదలు షాపుకి వచ్చింది. వచ్చీ రావడంతోనే బల్ల మీద ఉన్న కప్పొకటి ఎత్తి చూసి, "ఇదెవరికి? మొగుళ్ళని భరించే పోటీ ఉంటే చెప్పండి, నాకే ఇచ్చేద్దురుగాని" అంది. నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వడంలేదు.

"ఏమైంది?"

"ఏమో మరి. అన్నం తినరు. డ్యూటీ అయిపోయినా ఇంటికి రారు, ఆ పెట్టె ముందే నిలబడతారట. తలుపులు మూసేవాళ్ళు చెయ్యిపట్టుకుని బయటికి తేవలసి వస్తోంది. 'ఏమిటండీ ఇది' అంటే, 'ఇన్నాళ్ళూ ఉద్యోగం చేశాను, ఇప్పుడు అసలు బాధ్యత పడింది' అంటున్నారు. మీరేమైనా అన్నారా వదినా?"

"పక్కకి తప్పుకోమని చెప్పాను."

"అయితే తమరి మాట బ్రహ్మాండంగా పనిచేసింది" అంది మరదలు. ఆ తర్వాత నవ్వు దానంతటదే ఆగిపోయింది. "నాకు భయంగా ఉంది వదినా."

అక్కకి ఏమీ అర్థం కాలేదు. అది ఉత్తదని తెలిసిన మనిషి దాన్ని ఇంకా గట్టిగా పట్టుకోవడమేమిటి? పిచ్చిగాని పట్టలేదు కదా. ఆ సాయంత్రం తమ్ముణ్ణి పిలిపించింది. అతను ఎండ పూర్తిగా వాలకముందే వచ్చాడు. గడప దగ్గరే నిలబడిపోయాడు, పరాయి ఇంటికి వచ్చినవాడిలా.

"లోపలికి రా."

"ముందు ఒకటడగాలి. ఏమీ అనుకోవుగా?"

"అడుగు."

"నీ కొలిమికి దొంగ బంగారం వస్తుందా అక్కా?"

ఆమె చేతిలోని పట్టకారు బల్ల మీద పెట్టింది. "ఏమిటా ప్రశ్న?"

"నువ్వు ఆ మాట చెప్పాక నాకు నిద్రలేదు. రెండోరోజే డైరెక్టరు గదికి వెళ్ళాను. 'సార్, ఆ పడవ దొంగదట కదా' అని మొహం మీదే అడిగాను. ఆయన లేచి తలుపు వేసొచ్చాడు. కాదంటాడేమో అని చూశాను. 'మెల్లిగా మాట్లాడవయ్యా, ఇదేం కొత్తా, పెద్ద పెద్ద మ్యూజియాలన్నీ చేసే పనే' అన్నాడు. అన్నీ ఇంతేనట అక్కా! 'మరి అసలువాళ్ళకి తెలుసా' అన్నాను. 'వాళ్ళ అనుమతితోనే జరిగింది' అన్నాడు. అనుమతి తీసుకుని ఎవడైనా దొంగతనం చేస్తాడా? భయపెట్టి ఉంటారు. చివర్లో 'ఎవరు చెప్పారు, మీ అక్కేనా' అన్నాడు. కాదన్నాను. కాని నీ పేరు ఆయన నోట్లోకి ఎలా వచ్చింది?"

అక్క స్టూలు మీద కూలబడింది. ఇప్పుడు అర్థమైంది. తను దొంగది అన్నది ఉత్తదని. అతను విన్నది ఎవరి ఇంట్లోంచో ఎత్తుకొచ్చిన సొత్తని. ఆ ఒక్క మాటని మధ్యలో పెట్టుకుని, డైరెక్టరు ఒక పడవ గురించీ, తమ్ముడు ఇంకో పడవ గురించీ మాట్లాడుకుని, ఇద్దరూ ఒకరికొకరు నిజం చెప్పుకున్నామనుకుని లేచారు. ఆమెకి నవ్వు వచ్చింది. నవ్వు గొంతులోంచి వచ్చేసరికి ఏడుపులా ఉంది.

"నవ్వకు" అన్నాడు తమ్ముడు. "అది ఎవరిదో తెలీదు. ఏ ఇంటివాళ్ళు పోగొట్టుకుని ఏడుస్తున్నారో తెలీదు. మ్యూజియానిదైతే పోయినా మ్యూజియం చూసుకుంటుంది. పరాయి సొత్తు, నా ఎదురుగా ఉంది, వాళ్ళకి అప్పజెప్పేదాకా నాదే పూచీ. నువ్వు వదిలెయ్యమన్నావు. ఎలా వదలమన్నావో నాకు అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం అనుకున్నాను. ఆ ఇద్దరూ వస్తున్నారే, వాళ్ళు దొంగలు కారేమో. సొంతదార్లేమో. అందుకే అడగలేక చుట్టూ తిరుగుతున్నారేమో. రేపు వస్తే పక్కకి పిలిచి నేనే అడుగుతాను."

"అడగకు!" ఆమె స్టూలు మీంచి లేచింది. "వాళ్ళ దగ్గరికి వెళ్ళకు. ఒరేయ్, అది ఎవరి సొత్తూ కాదు. ఉత్తది. నకలు. ఈ బల్ల మీద నేను చేశాను. ఇత్తడి, సీసం, పైన పూత. అసలుది ఎక్కడో దాచారు."

తమ్ముడు ఆమెవంక జాలిగా చూశాడు. "నన్ను కాపాడ్డానికి ఎంతకైనా దిగుతావు నువ్వు."

"నిజంరా."

"గాజు మార్చినప్పుడు దాన్ని ఎత్తి పట్టుకున్నది నేనే. ఎంత బరువుందో తెలుసా? బంగారం బరువు వేరు అక్కా. నా చేతులు అబద్ధం చెబుతాయా?"

ఆ బరువు తను కొలిచి పోసింది. ఈ చేతుల కోసం కాదు. ఎవడో దొంగ చేతుల కోసం. ఆమె మూసలకోసం చుట్టూ చూసింది, లేవని తెలిసీ. మొదటిసారి పోత చెడిన ముక్కలు, మైనపు బొమ్మలు, అన్నీ డైరెక్టరు పట్టుకుపోయాడు. తన పని ఉత్తదని రుజువు చెయ్యడానికి ఆమె దగ్గర ఏమీ లేదు, ఆ పని ఎంత బాగా చేసిందో అన్నది తప్ప. ఏ పనివాడికైనా ఇలాంటి గతి పడుతుందా అనిపించింది. బాగా చెయ్యకపోయి ఉంటే బాగుండునని ఆమె మొదటిసారి అనుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది.

"ఎత్తినప్పుడు గ్లవ్స్ వేసుకున్నావా?"

తమ్ముడు తడబడ్డాడు. "వేసుకోవాలి. కంగారులో... ఒట్టి చేతులతోనే పట్టుకున్నాను. ఎవరితోనూ అనలేదు."

"అయితే అడుగున, వెనక చివర, నీ బొటనవేలికి ఒక గరుకు తగిలి ఉంటుంది. కందిగింజంత. ఆకురాయి ఆ మూలకి అందలేదు. ఎలాగూ కనపడదు కదా అని వదిలేశాను. అది అసలుదానికి లేదు."

తమ్ముడి కుడిచేతి బొటనవేలు కదిలింది. చూపుడువేలి కణుపు మీద మెల్లగా రాసుకుంది, అక్కడ ఇంకా ఏదో ఉన్నట్టు.

"అది ఆ కాలం పనివాడి గుర్తనుకున్నాను" అన్నాడు. "వాడి వేలు ఆగిన చోట నా వేలు ఆగిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా."

"నా వేలేరా అది."

ఆ మాట ఓదార్పుగా అందామనుకుంది. బయటికి వచ్చాక అందులో వేరే ఏదో వినపడింది ఆమెకే. నీకు తెలియాలని, ఇన్నాళ్ళూ నువ్వు ప్రాణంలా కాస్తున్నది నా పని అని ఎప్పటికైనా నీకు తెలియాలని, నేను ఎదురుచూడలేదూ? ఆ రోజు మెట్లు ఎక్కింది భయం ఒక్కదానితోనేనా? ఆమె ఆ ఆలోచనని పట్టుకోబోయి, వేడిగా ఉంటే వదిలేసినట్టు వదిలేసింది.

"నీకు చెప్పగలిగినవాళ్ళు నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు తమ్ముడు.

"చెబితే నీ భుజాలు జారతాయన్నారు."

అతను తన భుజాలవైపు చూసుకున్నాడు, ముందొకటి, తర్వాత ఇంకోటి. వాటిని ఎవరో అద్దెకి తీసుకుని చెప్పకుండా వాడుకున్నట్టు.

"సరే" అన్నాడు. "ఎవడైనా వస్తే పక్కకి జరుగుతాను. బొమ్మే కదా." గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

*

పక్కకి జరుగుతానన్నాడు. నిజంగా జరుగుతాడా? అబద్ధం చెప్పడం రాని మనిషి. కాని ఆ "సరే"లో అతని గొంతు లేదు. ఆమె మర్నాడు పొద్దున్న లేచి షాపు తియ్యలేదు. మ్యూజియం తలుపులు తెరిచేవేళకి టిక్కెట్టు కొనుక్కుని మెట్లు ఎక్కింది. ఎందుకొచ్చావని అడిగితే ఏం చెప్పాలో దారిపొడుగునా తయారుచేసుకుంది. అతని భుజాలు జారి ఉంటే పడవ ఉత్తదని ఆ ఇద్దరికీ తెలిసిపోతుంది. జారకపోతే కడ్డీకి అడ్డం వెళతాడు. తను ఏది కోరుకుంటోందో ఆమెకి మెట్టు మెట్టుకీ మారిపోతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో ఆ మెట్లు.

హాల్లో తమ్ముడు ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఎప్పుడూ నిలబడే చోటనే.

ఆ ఇద్దరూ కూడా ఉన్నారు. చెప్పకుండానే ఆమెకి తెలిసింది. ఒకడు కిటికీ దగ్గర బయటికి చూస్తున్నట్టు నిలబడ్డాడు. రెండోవాడు, ముతక కోటు మనిషి, పడవ చుట్టూ నింపాదిగా ఒక చుట్టు తిరిగి తమ్ముడి ఎదుటికి వచ్చి ఆగాడు. అక్క గాజు పెట్టెకి అటు పక్కన ఉంది.

"ఒకటి అడగొచ్చా?" అన్నాడు ముతక కోటు, నవ్వుతూ. "ఈమధ్య పెద్ద పెద్ద చోట్ల అసలువి లోపల పెట్టి నకళ్ళు బయట పెడుతున్నారటగా. ఇది అసలుదేనా?"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ తమ్ముడు ఆడిన అబద్ధం ప్రతిదీ ఆమెకి తెలుసు. మొదట చెవులు ఎర్రబడతాయి. తర్వాత మాట ఒకసారి మింగుతాడు. ఆ తర్వాత కుడికాలి మీదికి ఒరుగుతాడు. ఆమె చెవులవైపే చూస్తోంది.

తమ్ముడు తొందరపడలేదు. పడవవైపు ఒకసారి చూశాడు, ప్రేమగా, తన ఇంటిదాన్ని చూసినట్టు.

"అసలుదేనండీ" అన్నాడు. "రెండోది ఎక్కడా లేదు."

చెవులు ఎర్రబడలేదు. మాట మింగలేదు. భుజాలు నిన్నటిలానే, మొన్నటిలానే, రెండు దూలాల్లా ఉన్నాయి. పోతపనిలో ఆమె కన్ను అతుకు ఎక్కడున్నా పట్టేస్తుంది. ఎంత సన్నంగా అరగదీసినా, ఎంత పూత పూసినా పట్టేస్తుంది. తమ్ముడి మొహమంతా వెతికింది. అతుకు దొరకలేదు.

ముతక కోటు మనిషి ఇంకాసేపు ఆ భుజాలని చూశాడు. తల పంకించాడు. "మంచిది, జాగ్రత్త" అని, కిటికీ దగ్గరవాడితో కలిసి మెట్లవైపు వెళ్ళాడు. వాళ్ళు మళ్ళీ వస్తారు. వచ్చిన రోజున తమ్ముడు పక్కకి జరుగుతాడు. అందులో ఆమెకి ఇక సందేహం లేదు. ఆ మాట అంత చల్లగా అనగలిగినవాడు దానికోసం తల పగలగొట్టుకోడు. ఇన్నాళ్ళూ గుండెలో ఉన్న దడ ఆగింది. ఆగిన చోట ఏమీ లేదు. ఆ ఖాళీలో ఏదైనా వచ్చి నిండుతుందేమోనని ఆమె కాసేపు చూసింది.

అప్పుడు తమ్ముడితో ఒక మాట ఆడాలనిపించింది. ఏ మాటైనా సరే. భోజనానికి రమ్మని అయినా సరే. గాజు పెట్టె మీద చెయ్యి ఆనించి అతనివైపు వంగింది.

తమ్ముడు ఆమె చేతివంక చూశాడు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన అందరితోనూ మాట్లాడే గొంతుతో, నెమ్మదిగా, "గాజుని ముట్టుకోకూడదండీ" అన్నాడు. "కొంచెం వెనక్కి నిలబడండమ్మా."

అక్క వెనక్కి జరిగి నిలబడింది.